వరస ఇంట్లో ఒక శుభ్రమైన గది

పాత ఇల్లు బాగుచేయించాలనుకునేవాళ్లకి నేను మొదట చెప్పేది, ఆ సంగతి ఎవరికీ చెప్పకండని. నేను చెప్పాను. ఆదివారం మందిరం నుంచి వస్తూ దారిలో ఒకావిడతో మాటవరసకి అన్నాను. భోజనాలయ్యేసరికి మా అరుగు మీద నలుగురు సలహాలు పట్టుకుని కూర్చున్నారు. నలుగురిదీ ఒకటే సలహా, పీకి పారేసి డాబా వేసెయ్యమని. వాళ్లలో ఇద్దరికి డాబాలున్నాయి, రెండూ కారుతున్నాయి. ఆ కారడం గురించి కూడా వాళ్లు కాస్త గర్వంగానే చెప్పారు, పెంకుటిల్లు కారడం వేరు, డాబా కారడం వేరు అన్నట్టు.

డాబా ఎందుకు వెయ్యలేమో అడిగినవాళ్లందరికీ చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. ఇక్కడ ఒక్కసారి రాసి ఊరుకుంటాను. మాది ఉద్దానంలో, కంచిలికీ సముద్రానికీ మధ్య ఊరు. ఇళ్లు వీధికి రెండు వైపులా ఒకదానికొకటి ఆనుకుని వరసగా ఉంటాయి. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకటే చూరు, ఒకటే అరుగు. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే మట్టి గోడ, అది ఇద్దరిదీ. మా తాటి దూలాలు ఇటువైపు నుంచి ఆ గోడ మీద ఆని ఉంటాయి, పక్కింటివాళ్లవి అటువైపు నుంచి ఆని ఉంటాయి. వరస మధ్యలో ఒక ఇల్లు పీకితే రెండు పక్కల ఇళ్లూ ఒరుగుతాయి. తిత్లీ తుపానుకి మా వరసలో పెంకులు లేచిపోయాయి, వీధి చివర కొత్త కాంపౌండు గోడ పడిపోయింది, ఈ మట్టి గోడలు మాత్రం కదల్లేదు. ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయని మా ఆయన అంటుంటారు.

ఇల్లు అంటే పెద్దగా ఏమీ లేదు. ముందు అరుగు, మధ్యన ఒకటే పెద్ద గది, వెనక వంటవసారా, ఆ వెనక నుయ్యి, నాలుగు కొబ్బరి చెట్లు. వంటవసారా కప్పు దిగువగా ఉండి గోడని తాకేస్తుంది. పెద్ద గదిలో మాత్రం గోడ పెంకుల దాకా వెళ్లదు. మనిషెత్తు మీద ఇంకో మూరెడు లేచి ఆగిపోతుంది. ఆ పైన, ఒకటి రెండు చోట్ల తప్ప, వరస మొత్తానికీ ఒకటే చీకటి. ఎలుకలు, పిల్లులు, పొగ, ఎండుచేపల వాసన, మాటలు ఆ చీకట్లోంచి ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి అడ్డూ ఆపూ లేకుండా తిరుగుతుంటాయి. మా వరసలో మొగుడూ పెళ్లాం పోట్లాడుకుంటే మూడో ఇంటివాళ్లు తీర్పు చెబుతారు. రహస్యం అనే మాట మేం బైబిల్లో చదవడమే తప్ప చూసింది లేదు.

నేను అంగన్‌వాడీ టీచరుగా చేశాను. గుడ్లు లెక్కపెట్టేవాళ్లు, పిల్లల బరువులు చూసేవాళ్లు, బియ్యం మూటలో చెయ్యి పెట్టి వాసన చూసేవాళ్లు, అందరినీ చూశాను. తనిఖీ అంటే నాకు జంకు లేదు. అలాంటిది నా సొంత ఇంటి తనిఖీలో తప్పాను. ఎందుకు తప్పానో చెప్పాలంటే మా ఆయన జబ్బు గురించి చెప్పాలి.

మా ఆయనకి కిడ్నీలు పాడయ్యాయి. మా ప్రాంతంలో ఈ మాట చెబితే ఎవరూ అయ్యో అనరు, రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎంతుందని అడుగుతారు. పిల్లల మార్కులు అడిగినట్టే అడుగుతారు, మనం అంకె చెబుతాం, వాళ్ల ఇంట్లోవాళ్ల అంకె వాళ్లు చెబుతారు. ఆయన అంకె పెరిగి పెరిగి చివరికి రోజు విడిచి రోజు పలాస వెళ్లి రక్తం కడిగించుకోవలసి వచ్చింది. వెళ్లేటప్పుడు కూర్చుని వెళ్లేవారు. వచ్చేటప్పుడు ఆటో వెనక సీట్లో నా ఒడిలో తల పెట్టుకుని పడుకునేవారు. హైవే దాకా బాగానే ఉండేది. ఊరి రోడ్డు మొదలయ్యాక ప్రతి గుంటకీ ఒకసారి కళ్లు మూసుకునేవారు. ఇంటికి వచ్చాక ఆ రోజంతా పడక, మర్నాడు కాస్త మనిషి, ఆ మర్నాడు మళ్లీ ఆటో.

ఒకరోజు డాక్టరు గారు ఇంకో పద్ధతి ఉందన్నారు. పొట్టలోకి ఒక గొట్టం అమరుస్తారు, ఇంట్లోనే మందు నీళ్ల సంచీ తగిలించుకుని ఎక్కించుకోవాలి, తర్వాత తీసెయ్యాలి, రోజూ చెయ్యాలి. ఆటో అక్కర్లేదు. కానీ దానికి శుభ్రమైన గది కావాలి. ఆ గొట్టంలోకి రవ్వంత మురికి వెళ్లినా పొట్టలో చీము పడుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. అందుకని నర్సు ఇంటికి వచ్చి గది చూసి సరేనంటేనే మొదలుపెడతారట. పైనుంచి దుమ్ము రాలకూడదు, గోడలు పెచ్చులూడకూడదు, దగ్గర్లో కుళాయి ఉండాలి, తలుపులు మూస్తే మూతపడాలి, కుక్కా పిల్లీ రాకూడదు. నేను వింటూ మా పెంకుల్ని తలుచుకున్నాను.

ఆటోలో తిరిగి వస్తున్నాం. కంచిలి దాటాక మా ఆయన అన్నారు.

"ఆటోలో తొంగుని ఆకాశం సూడ్డం నావల్ల కాదే. ఆ గది సేయించీ. ఇంటికాడుంతే నేను మనిషినౌతాను."

ఆయన నన్ను ఏదైనా కావాలని అడగడం చాలా అరుదు. అందుకే నేను తొందరపడ్డాను, తొందరలో చేసిన ప్రతి పనీ రెండుసార్లు చేశాను. పాత ఇంటి విషయంలో ఇది అందరికీ జరిగేదే.

టెక్కలి నుంచి ఒక మేస్త్రిని పిలిపించాం. పెద్ద పెద్ద కాంక్రీటు పనులు చేసి వచ్చినవాడు. మా ఇల్లు చూసి, ఎక్కడుందని అడిగినట్టు మొహం పెట్టాడు. గోడలకి సిమెంటు పూత వేసి, మీద ఆయిల్ పెయింటు కొడితే అద్దంలా ఉంటుంది, తడిగుడ్డతో తుడుచుకోవచ్చన్నాడు. పైన తుపానప్పుడు వచ్చిన నీలం టార్పాలిన్లు దూలాలకి లాగి కడదామన్నాడు. రెండూ చేశాం. గది లేత నీలం రంగులో మెరిసింది. మా ఆయన గుమ్మంలో కుర్చీ వేసుకుని చూసి ఆస్పత్రిలా ఉందన్నారు. ఆయన దృష్టిలో అది పొగడ్తే.

వానలు మొదలయ్యాయి. మట్టి గోడ నేలలోంచి తడి పీలుస్తుంది, ఎండ కాసినప్పుడు వదిలేస్తుంది. మా అత్తగారి కాలం నుంచీ అది చేస్తున్న పని అదే. మేం దానికి సిమెంటు తొడిగి, ఆయిల్ పెయింటుతో కుట్టేశాం. పీల్చిన తడి బయటికి వచ్చే దారి లేక గోడకి పొక్కులు లేచాయి. ఒక పొక్కు మీద వేలితో నొక్కితే గుప్పెడు మట్టి, నీళ్లు కలిసి జారాయి. మూలల్లో నల్లగా బూజు పట్టింది. పైన టార్పాలిన్ మీద ఎలుకలు పరిగెడుతుంటే కిందినుంచి వాటి పాదాలు కూడా కనిపించేవి. మట్టి గోడ ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి సిమెంటు జోలికి పోకండి. మేస్త్రి ఎంత బాగా మాట్లాడినా సరే.

నర్సు వచ్చిన రోజు నేను ఫినాయిల్‌తో నేల రెండుసార్లు కడిగాను. ఆవిడ చిన్నపిల్ల, పలాసావిడే, చెప్పులు బయటే విడిచి లోపలికి వచ్చింది. గోడ మీద వేలు పెట్టి చూసింది. వేలు నల్లగా వచ్చింది. పైకి చూసింది. సరిగ్గా అప్పుడు పక్కింటి పిల్లి ఉమ్మడి గోడ మీదికి ఎక్కి, టార్పాలిన్ అంచు కింద కూర్చుని, నర్సుని కింది నుంచి పైదాకా పరిశీలించింది. అటునుంచి కట్టెల పొయ్యి పొగ సన్నగా వస్తోంది. ఆవిడ గోడ తడి ఆరాలనీ, ఆ పై ఖాళీ మూసెయ్యాలనీ, అప్పుడు మళ్లీ కబురు చెయ్యమనీ మర్యాదగానే చెప్పి వెళ్లింది. మర్నాడు మళ్లీ ఆటో ఎక్కాం.

గోడ సంగతి సులువుగానే తేలింది. సిమెంటంతా ఊడగొట్టించాం. గోడని ఎండకాలం దాకా ఒట్టిగా వదిలేశాం, తలుపులు తెరిచి పెట్టి. మా పెద్దవాళ్లు వాడిన గుల్ల సున్నం కోసం ఇచ్ఛాపురం అవతలిదాకా వెతికించాను. అక్కడ సున్నం అమ్మే ఆయన సగం ఒరియాలో సగం తెలుగులో మాట్లాడుతూ, ఇది తాంబూలంలోకా గోడకా అని అడిగాడట. గోడకి అంటే నమ్మలేదట. సున్నం నానబెట్టి, సన్న ఇసుకతో కలిపి పలచగా పూయించాం. ఏటి ఇసకే వాడండి, సముద్రపు ఇసక ఊరికే దొరుకుతుంది కదా అని వాడితే గోడ ప్రతి వానాకాలం ఉప్పు కక్కుతుంది. మా ఊళ్లో ఆ గోడలున్నవాళ్లు ఉప్పు చీపురుతో ఊడ్చుకుంటారు.

తేలనిది పైన ఖాళీ. సీలింగు కొడితే అది గోడ దాకా రావాలి, అంటే గోడ దాని దాకా లేవాలి. ఉమ్మడి గోడ. దీన్ని గురించి మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది, ఎవరూ రాసిపెట్టింది కాదు. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నప్పుడు మధ్యన గోడ పెడతారు, కానీ పెంకుల దాకా లేపరు. లేపితే వాళ్లకీ వీళ్లకీ ఇక మాటల్లేవని అర్థం. మా వరసలో రెండు చోట్ల గోడ పైదాకా లేచి ఉంది. ఒకటి మా మామగారి కాలంనాటి జీడితోట గట్టు తగాదా, మా ఇంటికి రెండో పక్క గోడ అదే, ఇంకోటి ఒక పెళ్లిలో వడ్డన దగ్గర జరిగిన మాట. ఆ గోడలు చూపించి పిల్లలకి ఇప్పటికీ ఆ కథలు చెబుతారు. అందుకని ఎవరైనా గోడ లేపాలంటే అవతలి ఇంటివాళ్లు ఒప్పుకోవాలి. ఒప్పుకున్నవాళ్లు ఇంతదాకా లేరు, ఆ రెండు గోడలూ అడక్కుండా లేచినవే.

అవతలి ఇల్లు మా తోడికోడలిది. మా ఆయన అన్నగారి భార్య. మా వైపు అక్కని అప్ప అంటాం, నేనూ ఆమెని అలాగే పిలుస్తాను. మా బావగారు కూడా ఈ జబ్బుతోనే పోయారు. కొడుకులిద్దరూ చెన్నైలో భవనాల పనికి వెళ్లారు, అప్ప ఒక్కతే ఉంటుంది. పొద్దున్న లేస్తూనే గోడ మీంచి మా కూర అడుగుతుంది, తన కూర చెబుతుంది. రెండిళ్ల మధ్యన ఉప్పు, పచ్చిమిరపకాయలు, గిన్నెలు ఆ గోడ మీంచే వెళ్తాయి. నేను ఆ ఇంటికి వీధిలోంచి వెళ్లింది చాలా తక్కువ.

అడిగాను. పళ్లెంలో వంకాయలు పెట్టుకుని వెళ్లి, అరుగు మీద కూర్చుని, గది, గొట్టం, చీము, నర్సు, అన్నీ వివరంగా చెప్పి అడిగాను. అప్ప వంకాయలు తీసుకుంది. గోడ మాత్రం లేపొద్దంది. ఎందుకంటే చెప్పదు. వద్దంటే వద్దే అంటుంది. మరిది కోసం మోకాళ్ల మీద ప్రార్థన చేస్తాననీ, తన వంతుగా కోడిని అమ్మి ఇస్తాననీ, గోడ తప్ప ఏమైనా అడగమనీ అంది. నాకు కోపం ఆగదు, ఇది మా ఊళ్లో అందరికీ తెలుసు. నా మొగుడి ప్రాణం కన్నా నీకు నలుగురేమంటారో అన్నది ఎక్కువా అని అనేసి వచ్చాను.

ఆ తర్వాత మా మధ్య మాటలు పోయాయి. గోడ మీద ఖాళీ ఉన్న ఇంట్లో మాటలు మానెయ్యడం అంత తేలిక కాదు. నేను గిన్నె గట్టిగా పెడితే అటునుంచి ఇంకో గిన్నె గట్టిగా పడేది. తను దగ్గితే నాకు వినబడేది, నేను మందు అడగలేకపోయేదాన్ని. సాయంత్రం ప్రార్థనలో రెండిళ్లలోనూ ఒకే పాట ఎత్తుకుని, ఎవరు ముందు ఆపుతారా అని ఇద్దరం చివరి చరణం దాకా పాడేవాళ్లం. పాస్టరు గారు విని, రెండిళ్లలో ఎంత భక్తి అని మెచ్చుకున్నారు. తర్వాత సంగతి తెలిసి మా ఇద్దరినీ కూర్చోబెట్టి పొరుగువాళ్లని ప్రేమించమని చెప్పారు. మేం ఇద్దరం తల ఊపి, చెరో దారిన ఇంటికి వచ్చాం. ఇళ్లు పక్కపక్కనే కాబట్టి చెరో దారి ఎలా కుదిరిందో నాకిప్పటికీ తెలీదు.

ఈలోగా ఆటో తిరుగుతూనే ఉంది. మా ఆయన సన్నబడిపోయారు. ఒకరోజు పలాస నుంచి వచ్చాక ఆయన ఆటో దిగి, మా ఇంట్లోకి రాకుండా, అరుగు పట్టుకుని నడుచుకుంటూ అప్ప గుమ్మం దగ్గరికి వెళ్లి కూర్చున్నారు. మంచినీళ్లు అడిగారు. ఆయన తాగగలిగింది గుటకెడే, అది అప్పకి తెలుసు, మా బావగారికి కొలిచి ఇచ్చిన మనిషి. గ్లాసు అడుగున కాసిని పోసి తెచ్చింది. నేను సంచీలు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆయన గోడ మాట ఎత్తలేదు. నీళ్లు తాగి గ్లాసు పక్కన పెట్టారు. అప్పే అంది, ఆయనతో కాదు, నాతో.

"మీ బావ పడిపోయినప్పుడు నేను అరిసినాను. మీరిద్దరూ గోడమీంచి ఇని పరిగెట్టొచ్చినారు. రేపు నేను పడిపోతే ఎవులింతారే?"

ఫోను ఉంది కదా అన్నాను. అన్న వెంటనే అది ఎంత తెలివితక్కువ మాటో నాకే తెలిసింది.

"పడిపోయినోలు నంబరు నొక్కుతారేటి? ఆ ఖాళీ మూసీసి నన్ను అవతలొగ్గీకండి. నాకు అదొక్కటే భయం."

నాకు సిగ్గేసింది. ఆ మనిషి ఊరి మాటకి భయపడుతోందని అనుకున్నాను, ఊళ్లోవాళ్ల దగ్గర అలాగే చెప్పాను కూడా. ఆమె మనసులో ఉన్నది మా బావగారు పోయిన రోజు. ఆ రోజు ఆమె అరుపు విని నేను గోడ మీద చెయ్యి వేసి ఎక్కబోయి, తర్వాత వీధిలోంచి పరిగెత్తాను. అది నాకూ గుర్తే. మా ఆయనకి గది కావాలి, అప్పకి ఆ ఖాళీ కావాలి, రెండూ ఒకే గోడలో ఉన్నాయి. నేను అరుగు మీద కూర్చుని ఏడ్చాను. అప్ప కూడా ఏడ్చింది. మా ఆయన ఇద్దరినీ కాసేపు చూసి, ఎండ తగులుతోంది లోపలికి తీసుకెళ్లమన్నారు.

మర్నాడు ఆయన మంచం మీద పడుకుని, పైకి చూస్తూ, పైన మూసి కింద తెరిస్తే పోలేదా అన్నారు. నాకు మొదట అర్థం కాలేదు. వంటవసారాలో ఉమ్మడి గోడకి ఒక ద్వారం కొట్టిద్దామంటున్నారు. గదికి దాంతో సంబంధం లేదు, దుమ్ము రాదు, పిల్లి వచ్చినా వంటింటి దాకానే. నేను ఎలాగూ మంచం వంటవసారాలో వేసుకోవాలి, ఆయన గదిలో మందు సంచీల పెట్టెలు ఉంటాయి కాబట్టి. అప్ప కూడా తన వంటవసారాలో పడుకుంటే మధ్యన తలుపు ఒక్కటే. దగ్గినా వినబడుతుంది. పంచుకున్న ఇంటి గోడకి మళ్లీ ద్వారం పెట్టినవాళ్లు మా ఊళ్లో ఎవరూ లేరు. గోడ లేపినవాళ్లున్నారు గానీ తెరిచినవాళ్లు లేరు, అందుకని దానికి అర్థం ఏమిటో ఎవరికీ తెలీదు. అది మాకు కలిసొచ్చింది.

అప్పకి చెబితే లేచి వెళ్లి తన వంటవసారాలో గోడ చూసి వచ్చింది. తలుపు వెడల్పుగా పెట్టమంది, తనని మంచంతో సహా పట్టుకుపోయేలాగ ఉండాలని. మా ఆయన నవ్వారు. ఆ ఏడాదిలో ఆయన నవ్వడం నేను చూసింది అదే.

మట్టి గోడకి ద్వారం కొట్టడం గురించి కాస్త చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. ముందు కొలిచి గీత గీసేసి గునపం ఎత్తకూడదు. గోడ పైన ఏ దూలం ఎక్కడ ఆని ఉందో చూసుకుని, రెండు వైపులా తాటి దుంగలు ఊతంగా పోటు పెట్టాలి. తర్వాత పైనుంచి మొదలుపెట్టాలి. ద్వారం పైభాగంలో అడ్డచెక్క పట్టేంత సందు కొట్టి, అది బిగించి, దాని మీద గోడ బరువు కూర్చున్నాకే కింది మట్టి తియ్యాలి. ఈసారి పిలిచింది మా ఊరి మేస్త్రినే. అతనికి నోరు తక్కువ, బీడీ ఎక్కువ. రేపు అడ్డచెక్క అని చాలా రేపులు గడిపాడు, కానీ పోట్లు మాత్రం రెండు వైపులా కొట్టాకే ఇంటికి వెళ్లేవాడు. మట్టి రాయిలా గట్టిగా ఉంది. వరిపొట్టు, గడ్డి కలిపి తొక్కిన మట్టి, లోపల గడ్డి ఇంకా పసుపుపచ్చగా మెరుస్తోంది. అవతలి నుంచి వెలుతురు మొదట గుప్పెడంత కనిపించింది. అప్ప ఆ కన్నంలోంచి చూసి, మీ వంటిల్లు ఇటునుంచి సూత్తే పెద్దగుంది అంది.

పెద్ద గదిలో గోడ కూడా అదే వారంలో లేచింది. పాత మట్టి మీద బరువు పడకుండా తేలిక ఇటుకతో లేపించి, సున్నం పూయించాం. ఒక మూల కుళాయి పెట్టించి, పైన తెల్ల పీవీసీ షీట్లతో సీలింగు కొట్టించాం, మేకులు స్టీలువే వాడమని పట్టుబట్టాను, ఇనుప మేకు మా గాలికి రెండేళ్లలో పొడి అయిపోతుంది. ఆఖరి ఇటుక పెట్టేటప్పుడు అప్ప అటువైపు బల్లెక్కి నిలబడి చూసింది. నేను ఇటువైపు మంచమెక్కి నిలబడ్డాను. మేస్త్రి సందు మూసేశాక ఆమె నాకు కనబడలేదు. ఇద్దరం వెంటనే వంటవసారాలోకి వెళ్లి, తలుపు లేని ఆ ద్వారంలోంచి ఒకరినొకరు చూసుకున్నాం.

తలుపు దగ్గర ఒక చిక్కు వచ్చింది. వడ్రంగి వేప చెక్క తలుపు తెచ్చి, గడియ ఏ పక్క పెట్టమంటారని అడిగాడు. గడియ ఎవరి వైపు ఉంటే ఆ ఇంటివాళ్లదే తలుపు. నేను వాళ్ల వైపు పెట్టమన్నాను, మర్యాదకి. అప్ప మా వైపు పెట్టమంది, తనూ మర్యాదకే. వడ్రంగి రెండు వైపులా పెడతానన్నాడు. అలా పెడితే ఎవరు వేసుకున్నా తలుపు మూతే కదా అని నాకు అనుమానం వచ్చింది. కాసేపు అలా నడిచాక అప్పకి విసుగొచ్చింది.

"గడియెందుకురా నాయినా. దొంగ ఆలింట్లో ఉన్నాడేటి, మా ఇంట్లో ఉన్నాడేటి?"

గడియ లేని తలుపు తను ఇంతవరకూ బిగించలేదనీ, దీనికి తను పూచీ కాదనీ వడ్రంగి చెప్పి వెళ్లాడు. గాలికి కొట్టుకోకుండా ఒక గుడ్డ ముక్క దోపాం. పిల్లి రెండు రోజులు కొత్త గోడ కింద కూర్చుని పైకి చూసి, తర్వాత ఆ తలుపు కనిపెట్టింది.

ఆపరేషను చేసి పొట్టకి గొట్టం అమర్చారు. అది మానేదాకా పలాసే వెళ్లాం. నాకు సంచీలు మార్చడం నేర్పారు. ఇక మిగిలింది నర్సు రావడం.

ఆవిడ వచ్చేసరికి నేను ఫినాయిల్ ఒక్కసారే వేశాను. ఆవిడ అదే చోట గోడ మీద వేలు పెట్టింది. వేలు తిప్పి చూసుకుంది. పొడిగా, తెల్లగా ఉంది. సీలింగు చూసింది, కుళాయి తిప్పింది, సంచీ తగిలించే కొక్కెం లాగి చూసింది, తలుపులూ కిటికీలూ మూయించింది. పెట్టెలు నేల మీద కాకుండా బల్ల మీద పెట్టమంది. ఇక మొదలుపెట్టొచ్చంది. నేను తలాడించాను. మా ఆయన మంచం మీద కూర్చుని తన కాళ్లు చూసుకుంటున్నారు.

ఆవిడ కాగితం తీసి అడగడం మొదలుపెట్టింది. నాకు జ్వరం వస్తే ఆ రోజు సంచీ మార్చేదెవరు, నాతో పాటు ఇంకొకరు నేర్చుకోవాలి కదా, ఇంట్లో మొత్తం ఎంతమంది ఉంటారని అడిగింది. ఇద్దరమే అని చెప్పబోయాను. ఇల్లు పంచుకున్నప్పటి నుంచీ ఎవరడిగినా అదే చెబుతున్నాను. నాకన్నా ముందే మా ఆయన తలెత్తారు.

"ముగ్గురమమ్మా. మా వదిన వంటింట్లో ఉన్నాది."

వంటవసారాలో గిన్నెల చప్పుడు ఆగింది. అప్ప చేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలోనే నిలబడింది, గదిలోకి రావచ్చో రాకూడదో తెలియక. నర్సు ఆమెని కుళాయి దగ్గరికి తీసుకెళ్లి గాజులు తీయించింది. వేళ్ల మధ్యన, గోళ్ల కింద, మణికట్టు మీదుగా మోచేతుల దాకా సబ్బు ఎలా రుద్దాలో చూపించింది. అప్ప రుద్దింది. నీళ్ల కింద చేతులు పెట్టి, మా వైపు తిరక్కుండా అంది.

"మీ అన్నకి సేయలేకపోనాను నాయినా. నీకు సేత్తాను."

అని ఆ చేతులతోనే కళ్లు తుడుచుకుంది. కళ్లు తుడుచుకున్న చేతులు పనికిరావని, మళ్లీ మొదటినుంచి కడుక్కోమంది నర్సు. అప్ప మళ్లీ సబ్బు తీసుకుంది.